నేను, మేము, మనం: ఆత్మకథలో ఎవరి మాట, ఎవరికి న్యాయం?

2005లో కేరళలో ఒకే మనిషి ఆత్మకథ ఒకే ఏడాది రెండుసార్లు వెలువడింది. సెక్స్ వర్కర్‌గా బతికి, ఆ వృత్తిలో ఉన్నవారి హక్కుల కోసం పనిచేసిన నళినీ జమీలా తన కథ చెబితే, మొదటిసారి మరొకరు రాసిపెట్టారు. పుస్తకం చకచకా అమ్ముడుపోయింది. దాని చుట్టూ పెద్ద దుమారం రేగింది. జమీలాకు మాత్రం ఆ రాత నచ్చలేదు. దాన్ని పక్కన పెట్టి, తన మాట తీరుకు దగ్గరగా ఉండేలా ఇంకోటి తయారుచేసుకున్నారు. తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లింది ఆ రెండోదే. రెండు పుస్తకాల మీదా పేరు ఆమెదే, లోపలి జీవితమూ ఆమెదే. అయినా మొదటిది తనది కాదన్నారు.

అక్కడ ప్రధానమైన పేచీ అబద్ధాల గురించి కాదు. ఆ పుస్తకంలో పలికే ‘నేను’ తనలా లేదన్నదే.

ఆత్మకథల మీద జరిగే వాదనల్లో మూడు వేర్వేరు తగాదాలు కలగాపులగం అయిపోతుంటాయి. రాసింది నిజమేనా? ఆ కథ చెప్పే హక్కు ఎవరిది? దానివల్ల ఎవరికి న్యాయం జరిగింది, ఎవరికి గాయమైంది? మొదటిది చరిత్రకారుడు తేల్చాల్సింది. రెండోది కొంత సాహిత్యానికీ కొంత చట్టానికీ చెందింది. మూడోది ఇంట్లో, వాడలో, ఊళ్లో తేలాల్సింది. ఒకదానికి దొరికిన జవాబును ఇంకోదానికి అతికించడం వల్లనే ఈ చర్చలు ఎక్కువగా దారి తప్పుతాయి. కాబట్టి ముడి ఎక్కడెక్కడ పడిందో విడివిడిగా చూద్దాం.

పేరే పూచీకత్తు

నవలకూ ఆత్మకథకూ తేడా ఏమిటి? రెండింటిలోనూ ‘నేను’ ఉండొచ్చు, రెండింటిలోనూ ఊరి పేర్లు, తేదీలు ఉండొచ్చు. ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ లెజాన్ 1975లో దీనికి చాలా తేలికైన కొలబద్ద ఒకటి ఇచ్చాడు. అట్ట మీద పేరున్న రచయిత, లోపల కథ చెప్పే మనిషి, కథలో బతికే మనిషి, ఈ ముగ్గురి పేరూ ఒకటే అయితే అది ఆత్మకథ. ఆ పేరు పెట్టడమే పాఠకుడితో చేసుకున్న ఒప్పందం. ‘ఇది నా జీవితం, దీనికి నేను పూచీ’ అని రచయిత సంతకం చేసినట్టు.

సంతకానికి విలువ ఉన్న చోట ఈ కొలబద్ద బాగానే పనిచేస్తుంది. తెలుగులో తొలితరం ఆత్మకథలు చూడండి. కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్ర, టంగుటూరి ప్రకాశం జీవిత యాత్ర, ఇవన్నీ అప్పటికే లోకానికి తెలిసిన పేర్ల మీద వచ్చాయి. ముందు పేరు నిలబడింది, తర్వాత దాని కథ వచ్చింది. పేరే లేనివాడి సంగతి ఏమిటి? ఉన్న పేరే అవమానంగా తగిలించినదైతే?

1978లో మరాఠీలో వచ్చిన దయా పవార్ ‘బలుతా’ మొదట్లోనే ఈ చిక్కును ఎదుర్కొంది. ఊళ్లో చాకిరీ చేసే కులాలకు పంటలో ఇచ్చే వాటా బలుతా. అందులో కథ చెప్పేవాడు దగడూ మారుతి పవార్, వినేవాడు దయా పవార్. ఇద్దరూ ఒకరే. దగడ్ అంటే మరాఠీలో రాయి. మహార్ అనే దళిత కులపు వాడలో పెట్టిన పేరు అది. ‘దయా’ చదువుకుని నగరంలో కవి అయ్యాక తెచ్చుకున్న పేరు. మన పల్లెల్లోనూ పెంటయ్యలు, పుల్లయ్యలు ఉన్నారు. దిష్టి తగలకూడదని తల్లిదండ్రులే పెట్టుకున్నవి కొన్ని, పెద్దకులాల నోట పడి స్థిరపడినవి మరికొన్ని. ఒంటి మీద రెండు పేర్లు మోసేవాడు లెజాన్ ఒప్పందం మీద ఏ పేరుతో సంతకం చేయాలి? పవార్ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాడు. అది శిల్ప చమత్కారంగా కనిపిస్తుంది కానీ, నిజానికి ఆ మనిషి ఉన్న స్థితి అదే.

శరణ్‌కుమార్ లింబాలే ‘అక్కర్‌మాశీ’ (1984)లో ఈ ముడి ఇంకా బిగుసుకుంది. అక్కర్‌మాశీ అంటే పదకొండు మాషాలది. మాషా బంగారం తూచే పాత కొలత, తులానికి పన్నెండు. పదకొండే ఉంటే అది నిండు తులం కాదు, అంటే కల్తీ. పెళ్లి బంధానికి బయట పుట్టినవాణ్ని తిట్టే మాట అది. లింబాలే తల్లి మహార్, తండ్రి లింగాయతు పటేలు, అమ్మమ్మకు తోడుగా ఉండి ఈ పిల్లవాణ్ని పెంచినవాడు ముస్లిం. బడి రిజిస్టరులో తండ్రి పేరు గడి ముందు కలం ఆగిపోతుంది. కులం, మతం, ఇంటిపేరు, దేనిలోనూ పూర్తిగా ఇమడని మనిషికి ‘నేను ఫలానా’ అన్న తొలి వాక్యమే ఒక దావా. అందరూ తిట్టుగా వాడిన మాటనే ఆయన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు.

గుర్తింపు అనే మాటను మనం ఇప్పుడు చాలా తేలిగ్గా వాడేస్తున్నాం, ఏదో కార్డు మీద అచ్చయ్యే వివరంలాగా. ఈ పుస్తకాల్లో అది ముందే ఉన్న వస్తువు కాదు. రాస్తూ రాస్తూ సంపాదించుకున్నది.

మరాఠీకీ తెలుగుకూ తెలిసిన తేడా

ఇక్కడ మన భాష ఒక మంచి పనిముట్టు ఇస్తుంది. ఇంగ్లీషులో బహువచనం ఒక్కటే. తెలుగులో రెండున్నాయి. ‘మేము’ అంటే వినేవాణ్ని బయట ఉంచినట్టు, ‘మనం’ అంటే లోపలికి పిలిచినట్టు. మరాఠీలోనూ ఈ తేడా ఉంది.

బేబీ కాంబ్లే అనే మహార్ స్త్రీ రాసిన పుస్తకం 1982లో ఒక పత్రికలో ధారావాహికగా, 1986లో పుస్తకంగా వచ్చింది. పేరు ‘జిణ అముచ’. అంటే ‘మా బతుకు’. ‘నా’ కాదు, ‘మన’ కాదు, ‘మా’. ఆకలి, పుట్టుక, పూనకాలు, పురుడు పోసుకున్న ఆడవాళ్ల నరకం, అంబేద్కర్ మాట విన్నాక వాడలో వచ్చిన కదలిక, ఇవన్నీ వాడంతా కలిసి చెబుతున్నట్టు సాగుతాయి. ఇది ఆత్మకథేనా అని సందేహించిన వారున్నారు. ఒక మనిషి లోపలి ప్రయాణం ఏదీ అని. కానీ ఆ ‘మా’ చదివేవాడికి ఒక హద్దు గీస్తుంది. మీరు వినండి, మీది కాదు ఇది, అని.

దీని పక్కన తెలుగు పుస్తకం ఒకటి పెట్టండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను రికార్డు చేసి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మొదలుకొని పార్టీ చరిత్రల్లో పేరు కూడా దొరకని వారి దాకా అందులో మాట్లాడారు. ఇక్కడ ‘మన’ అంటున్నది ఎవరు? సేకరించిన చదువుకున్న స్త్రీలు, చెప్పిన పల్లె స్త్రీలు, చదివే పాఠకులు, అందరినీ ఒకే గొడుగు కిందికి తెచ్చే మాట అది. చరిత్రలో లేని ఆడవాళ్లను చరిత్రలోకి తేవాలన్న కోరిక దాని వెనుక ఉంది. కానీ దళానికి అన్నం పెట్టి, తుపాకీ పట్టి, పోరాటం ఆగిపోగానే ఇంటికి పొమ్మనిపించుకున్న స్త్రీ ‘మేము’ అన్నప్పుడు ఆ మాటలో పార్టీ నాయకత్వం ఉందా, లేదా? కొన్ని చోట్ల ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు. ఒకే మనిషి ఒకే సంభాషణలో గర్వంగా చెబుతూ ‘మేము’ అని, నొచ్చుకుంటూ ‘వాళ్లు’ అంటుంది. మాట ఎక్కడ మారిందో పట్టుకుంటే ఆ ఉద్యమంలో న్యాయం ఎక్కడి దాకా వచ్చి ఆగిందో తెలుస్తుంది. పుస్తకం ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు ఈ తేడా కనబడకుండా పోవడం సహజమే. ఆ భాషలో దానికి చోటు లేదు.

చూడనిది చూశానని చెబితే

ఇప్పుడు ఈ చర్చలో అన్నిటికన్నా కష్టమైన చోటికి వద్దాం. దీని నమూనా కేసు మన దేశంలో లేదు, గ్వాటెమాలాలో ఉంది.

రిగోబెర్తా మెంచూ కిచే మాయా తెగకు చెందిన స్త్రీ. 1982లో పారిస్‌లో ఎలిజబెత్ బుర్గోస్ అనే పరిశోధకురాలి ఇంట్లో కూర్చుని, తనకు పుట్టుకతో రాని స్పానిష్‌లో, తన జీవితాన్ని చెప్పారు. బుర్గోస్ ఆ టేపులను పుస్తకంగా కూర్చారు. 1983లో వచ్చిన ఆ పుస్తకం గ్వాటెమాలా సైన్యం ఆదివాసుల మీద చేస్తున్న మారణకాండను ప్రపంచం ముందు పెట్టింది. 1992లో మెంచూకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఈ తరహా రచనకు లాటిన్ అమెరికాలో టెస్టిమోనియో అని పేరు. సాక్ష్య కథనం అనుకోవచ్చు. రాయలేని లేదా రాయనివ్వని స్థితిలో ఉన్న మనిషి, ఒక సమూహం తరఫున, అత్యవసరమైన అన్యాయం గురించి చెబితే ఇంకొకరు అక్షరాల్లో పెట్టేది. తన కథ పేద గ్వాటెమాలా ప్రజలందరి కథ అని మెంచూ మొదట్లోనే చెప్పుకున్నారు.

1999లో అమెరికన్ మానవశాస్త్రవేత్త డేవిడ్ స్టోల్ ఆ ప్రాంతమంతా తిరిగి, మనుషులను అడిగి, ఒక పుస్తకం రాశాడు. తన తమ్ముణ్ని సైనికులు కుటుంబం కళ్లముందే సజీవంగా తగలబెట్టారని మెంచూ చెప్పారు. అతను హతుడైన మాట నిజమే కానీ జరిగిన తీరు అది కాదని, కుటుంబం అక్కడ లేదని స్టోల్ తేల్చాడు. తనకు చదువు లేదని ఆమె అన్నారు, కానీ క్రైస్తవ సన్యాసినుల బడిలో కొన్నేళ్లు చదివారు. తండ్రి చేసిన భూమి పోరాటం పెద్ద భూస్వాములతో అని పుస్తకంలో ఉంది. అందులో చాలా భాగం తల్లి తరఫు చుట్టాలతోనే అని స్టోల్ అన్నాడు. ఆమె తల్లినీ తండ్రినీ తమ్ముణ్నీ పొట్టన పెట్టుకున్నది రాజ్యహింసేనని మాత్రం అతనూ కాదనలేదు.

ఇక వాదన మొదలైంది. ఒక పక్షం చెప్పింది ఇది. కళ్లారా చూశానన్న మాటకు బరువుంది. ఆ బరువును అరువు తెచ్చుకుంటే రేపు నిజంగా చూసినవాళ్లనూ ఎవరూ నమ్మరు. పైగా భూమి తగాదాను ఆదివాసులకూ భూస్వాములకూ మధ్య పోరుగా సరళం చేస్తే, ఆదివాసుల్లో ఉన్న భిన్నాభిప్రాయాలు, ముఖ్యంగా సైన్యంతో పోరాడుతున్న గెరిల్లాలను కోరుకోని రైతుల గొంతు, కనబడకుండా పోతాయి. ఈ రెండో అభ్యంతరం గట్టిదని నాకు అనిపిస్తుంది. స్టోల్‌ను తిట్టిపోసినవారు చాలామంది మొదటిదానికే జవాబు చెప్పి దీన్ని దాటేశారు.

అవతలి పక్షం మాట ఇది. కోర్టులో బోనెక్కిన సాక్షికీ, హత్యలు ఇంకా సాగుతుండగా ప్రవాసంలో కూర్చుని లోకాన్ని కేకేసి పిలిచే మనిషికీ ఒకే నియమం పెట్టకూడదు. సామూహిక జ్ఞాపకంలో తల్లి చూసింది కూతురు చూసినట్టే చెప్పడం ఉంటుంది. చదువు సంగతి దాచడం వెనుక తనకు ఆశ్రయం ఇచ్చిన సన్యాసినులను కాపాడే అవసరం ఉందని మెంచూ వైపు నుంచి వచ్చిన వివరణ. అదే 1999లో ఐక్యరాజ్యసమితి అండతో పనిచేసిన సత్యశోధన సంఘం నివేదిక వచ్చింది. 36 ఏళ్ల అంతర్యుద్ధంలో 2 లక్షలకు పైగా చనిపోయారు లేదా అదృశ్యమయ్యారు. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలు. నమోదైన ఉల్లంఘనల్లో 93 శాతానికి బాధ్యత సైన్యానిదీ దాని అనుబంధ దళాలదీ. నోబెల్ కమిటీ బహుమతిని వెనక్కి తీసుకోలేదు.

మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నలను ఇక్కడ విడదీస్తే కొంత స్పష్టత వస్తుంది. ‘రిగోబెర్తా ఏం చూసింది’ అన్న ప్రశ్నకు ఆ పుస్తకం బలహీనమైన ఆధారం. ‘మాయా ప్రజలకు ఏం జరిగింది’ అన్నదానికి అది చెప్పిన మాట ఆ తర్వాత వచ్చిన లెక్కలతో నిలబడింది. ఆమె ‘నేను’ అన్న చోట ‘మేము’ అని ఉంటే స్టోల్ పుస్తకంలో సగానికి పని ఉండేది కాదు. కానీ ‘మేము’ అని చెబితే 1983లో ఎవరు వినేవారు? ఒక్క మనిషి కన్నీరు కనిపిస్తే తప్ప కదలని పాఠకుడు కూడా ఈ తప్పులో భాగస్వామే.

బ్రిటిష్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో దీనికి దగ్గరి సంగతిని సిద్ధాంతీకరించారు. చెప్పేవారి కులం, రంగు, లింగం చూసి వారి మాటకు ముందే విలువ తగ్గించడం కూడా ఒక అన్యాయమేనని ఆమె వాదన. మంత్రిగా చేసినవారి జ్ఞాపకాల్లో తేదీ తప్పితే పొరపాటు అంటాం. కూలివాడి జ్ఞాపకంలో తేదీ తప్పితే అబద్ధం అంటాం. ఆ మాటలో ఎంత నిజముందో మన సమీక్షలు తిరగేస్తే తెలిసిపోతుంది.

కథ నాది, సినిమా మీది

చెప్పేవారు ఒకరు, రాసేవారు ఇంకొకరు అయినప్పుడు చట్టం ఎటు నిలబడుతుంది? 1957 నాటి మన కాపీరైటు చట్టం రచనకు హక్కు ఇస్తుంది, జరిగిన సంగతులకు కాదు. నా జీవితంలో జరిగినవి ఎవరి సొత్తూ కావు, వాటిని కూర్చిన వాక్యాలు మాత్రం ఒకరి సొత్తు. టేపు ముందు కూర్చుని గంటల తరబడి చెప్పిన మనిషికి ముందే కాగితం మీద ఒప్పందం లేకపోతే, పుస్తకం మీద ఆమె పట్టు చాలా వదులుగా ఉంటుంది. సినిమావాళ్లు జీవితకథ హక్కులు కొన్నామంటూ చేసుకునే ఒప్పందాలు ఈ ఖాళీలోంచి పుట్టినవే. 2020లో ‘ఝుండ్’ అనే హిందీ సినిమాలో చూపిన ఒక క్రీడాకారుడి జీవితకథ హక్కులు తనవంటూ హైదరాబాదుకు చెందిన ఒక దర్శకుడు కోర్టుకు వెళ్తే, విడుదలపై కింది కోర్టు ఇచ్చిన స్టేను తెలంగాణ హైకోర్టు కొనసాగించింది కూడా.

ఫూలన్ దేవి ఉదంతం ఇంకా పదునైనది. ఆమె జైల్లో ఉండగా చెప్పి రాయించిన కాగితాల ఆధారంగా మాలా సేన్ 1991లో పుస్తకం రాశారు. దాని ఆధారంగా 1994లో ‘బాండిట్ క్వీన్’ సినిమా వచ్చింది. ఇది నిజమైన కథ అని తెర మీద వేసుకుంది. జైలు నుంచి బయటికొచ్చిన ఫూలన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. తన మీద జరిగిన అత్యాచారాన్ని తన అనుమతి లేకుండా తెర మీద మళ్లీ జరిపించారన్నది ఆమె ఫిర్యాదు. కోర్టు ప్రదర్శన ఆపింది. తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. సినిమా తీసినవారూ, మెచ్చినవారూ అన్నది వేరు. ఆ హింసను చూపకపోతే కులం చేసిన నేరం పలచబడిపోతుందని. రెండూ న్యాయం పేరిట వచ్చిన మాటలే. ఒకటి నేరాన్ని లోకానికి చూపడం గురించి. రెండోది ఎవరి ఒంటి మీద ఆ నేరం జరిగిందో ఆ మనిషి మాట చెల్లడం గురించి.

అదే సినిమా మీద ఇంకో కేసు కూడా నడిచింది. అందులో దుర్మార్గుడిగా చూపిన ఒక పాత్ర తమ గుజ్జర్ సమాజాన్ని కించపరుస్తోందని ఒకాయన వెళ్లారు. 1996లో సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి సినిమాను ప్రదర్శించనిచ్చింది. ‘నా ఒళ్లు’ అన్న ఫిర్యాదునూ ‘మా కులం పరువు’ అన్న ఫిర్యాదునూ ఒకే గాటన కట్టకూడదు అనడానికి ఇంతకన్నా మంచి జంట దొరకదు.

అమ్మ గురించి రాయొచ్చా?

ఏ ఆత్మకథలోనూ ఒక్కరే ఉండరు. తన పుట్టుక గురించి నిజం చెప్పాలంటే లింబాలే తల్లి బతుకును బజార్లో పెట్టక తప్పదు. ఆయనకు దొరికిన విముక్తికి ఆమె చెల్లించిన మూల్యం ఉంది. దీనికి శుభ్రమైన సమాధానం నాకైతే కనిపించలేదు.

తమిళ రచయిత్రి బామా ‘కరుక్కు’ 1992లో వచ్చింది. కరుక్కు అంటే తాటిమట్టకు రెండు వైపులా ఉండే రంపపు పళ్ల అంచు. మన ‘కరుకు’కు చుట్టమే. సన్యాసినుల మఠం వదిలి వచ్చిన దళిత క్రైస్తవ స్త్రీ, మఠంలోనూ ఊళ్లోనూ కులం ఎలా పనిచేస్తుందో రాసింది. పుస్తకం వచ్చాక కొన్ని నెలలు ఆమె సొంత ఊళ్లో అడుగుపెట్టలేకపోయింది. ఆగ్రహించినవాళ్లు పై కులాలవారు కాదు, సొంత మనుషులు. మన గుట్టు బయటపెట్టిందని. ‘బలుతా’ వచ్చినప్పుడూ చదువుకుని పైకొచ్చిన దళితుల్లో కొందరు ఇలాగే ఇబ్బందిపడ్డారు, గతించిన దరిద్రాన్ని ఎందుకు కెలకడం అని. ఆ అభ్యంతరాన్ని పిరికితనం అని కొట్టిపారేయడం సులువు. కులం తెలిసిపోతే అద్దెకు ఇల్లు దొరకని నగరంలో, ఇంటిపేరు దాచుకుని బతికేవాడికి ఆ పుస్తకం నిజంగానే ప్రమాదం.

ఉద్యమ కుటుంబాల్లో దీనికి ఇంకో రూపం ఉంది. కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై దాటాక, 2012లో ‘నిర్జన వారధి’ ప్రచురించారు. విప్లవోద్యమ నాయకుడిగా దేశమంతా తెలిసిన కొండపల్లి సీతారామయ్య విడిచి వెళ్లిన భార్య ఆమె. బిడ్డలిద్దరినీ పోగొట్టుకున్న తల్లి. పార్టీ చరిత్రలో ఒక పేరాగా కూడా రాని ఒంటరితనం ఆ పుస్తకం నిండా ఉంది. దాన్ని చదివి కొందరు ఉద్యమానికి మచ్చ అనుకోవచ్చు. కానీ ఆమె తను నమ్మిన ఆశయాన్ని ఎక్కడా కాదనలేదు. ‘మనం’ అనే ఉద్యమం లోపలే నిలబడి ‘నేను’ అన్నది.

కోర్టు గీసిన గీతలు

ఇక చట్టం. 1994 అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్. రాజగోపాల్ తీర్పు ఇక్కడ పునాది రాయి. తమిళనాడులో ఆరు హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో సుమారు 300 పేజీల ఆత్మకథ రాశాడు. తన నేరాల్లో కొందరు పెద్ద అధికారులకూ పాలు ఉందని అందులో ఉంది. దాన్ని ‘నక్కీరన్’ పత్రిక అచ్చువేయబోతే జైళ్ల శాఖ అడ్డుపడింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాసిన తీర్పు, వ్యక్తిగత గోప్యత ప్రతి పౌరుడి హక్కు అని చెబుతూనే దానికి హద్దులు గీసింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు ఈ తీర్పూ చర్చకు వచ్చింది.

ఆ గీతలు ఎలా పనిచేస్తాయో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. పదవీ విరమణ చేసిన ఒక దళిత ఉపాధ్యాయురాలు తన కథ రాస్తోంది అనుకోండి.

ఒక అధ్యాయంలో, తన చిన్నప్పుడు తండ్రిని ఊరి దొర కచేరీలో కట్టేసి కొట్టించాడని రాసింది. దొర ఇప్పుడు లేడు, మనవలు ఉన్నారు. చనిపోయినవారి మీద రాసినా, బతికుంటే పరువు పోయేదై ఉండి, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాసినదైతే నేరమయ్యే అవకాశం పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనూ ఉంది. రాసింది నిజమై, చెప్పడం ప్రజాహితమైతే మినహాయింపు. కానీ నిజమని చూపేదెలా? ఆ రోజు కేసు పెట్టనివ్వలేదు కాబట్టే కాగితం లేదు. కాగితం లేదు కాబట్టే పుస్తకం రాస్తోంది. సాక్ష్యం లేకుండా చేసిన అన్యాయం సాక్ష్యం చూపమని అడగడం ఇక్కడి విషాదం.

రెండో అధ్యాయంలో, తన నియామకానికి లంచం అడిగిన అధికారి గురించి రాసింది. రాజగోపాల్ తీర్పు ఇక్కడ ఆమెకు కొంత అండ. ప్రభుత్వోద్యోగి తన విధుల విషయంలో గోప్యత అడ్డుపెట్టుకోలేడు. తగినంత విచారించుకుని రాసిందని చూపితే చాలు, రాసినదాంట్లో తప్పు దొర్లినా నష్టపరిహారం పడదు. కోర్టు రికార్డుల్లో ఉన్న సంగతులు రాయడానికీ అనుమతి అక్కర్లేదు. ఒక్క మినహాయింపు ఉంది. అత్యాచారం, అపహరణ వంటి నేరాల బాధిత స్త్రీల పేర్లు రికార్డులో ఉన్నా సరే బయటపెట్టకూడదు.

మూడో అధ్యాయం చెల్లెలి గురించి. ప్రేమించి పెళ్లాడి, విడిపోయి, ఇప్పుడు ఇంకో ఊళ్లో ప్రశాంతంగా బతుకుతున్న చెల్లెలు. ఇక్కడ చట్టం చెల్లెలి వైపే ఎక్కువగా మొగ్గుతుంది. పెళ్లి, కుటుంబం, సంతానం, చదువు వంటి విషయాల్లో అనుమతి లేకుండా రాస్తే, నిజమైనా అబద్ధమైనా, పొగిడినా తిట్టినా, పరిహారం కోరవచ్చు. ఆ పెళ్లే అక్క జీవితాన్ని మలుపు తిప్పినదైతే? కోర్టులు దీన్ని సందర్భాన్ని బట్టి చూస్తాయి. అయితే అచ్చు కాకముందే ఆపేయడానికి అంత తేలిగ్గా ఒప్పుకోవు. కుష్వంత్ సింగ్ ఆత్మకథ మీద మేనకా గాంధీ తెచ్చిన స్టే ఏళ్ల తరబడి నిలిచినా, 2001లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దాన్ని ఎత్తేసింది. పుస్తకం 2002లో వచ్చింది. నష్టం జరిగితే తర్వాత పరిహారం అడగాలి కానీ ముందే నోరు నొక్కకూడదన్నది ఆ ధోరణి. ఒకసారి అచ్చైన గుట్టును పరిహారం వెనక్కి తేగలదా అన్నది చెల్లెలి ప్రశ్న. అదీ న్యాయమైన ప్రశ్నే.

గమనించండి, ఆ ముగ్గురిలో కోర్టు దాకా వెళ్లగల స్తోమత ఎక్కువగా ఉన్నవాళ్లు దొర మనవలు, అధికారి. చెల్లెలు బహుశా వెళ్లదు. అక్కతో మాట్లాడటం మానేస్తుంది.

రాయకుండా వదిలిన పేజీ

బేబీ కాంబ్లే దగ్గరికి ఒకసారి తిరిగి వెళ్లాలి. ఆమె ఆ పుస్తకాన్ని ఇంట్లో చిన్న కొట్టు నడుపుకుంటూ రాసింది. ఇంట్లో మగవాళ్ల కంటపడకుండా సుమారు ఇరవై ఏళ్లు దాచింది. వాడలో ఆడవాళ్లను భర్తలు, అత్తలు ఎలా హింసించారో అందులో దాపరికం లేకుండా ఉంది. తన సంసారం గురించి మాత్రం దాదాపు ఏమీ లేదు.

2008లో ఇంగ్లీషు అనువాదం వచ్చినప్పుడు, అనువాదకురాలు మాయా పండిట్ ఆమెతో చేసిన సంభాషణను పుస్తకం చివర చేర్చారు. భర్త అనుమానించి కొట్టిన సంగతి కాంబ్లే అక్కడ చెప్పింది. మరి పుస్తకంలో ఎందుకు రాయలేదంటే, అది తన ఒక్కదాని బాధ కాదని, తాను రాసింది తన జాతి బతుకని ఆమె జవాబు. ‘మా బతుకు’ అని పేరు పెట్టుకున్న పుస్తకంలో ఆమె ‘నేను’ అన్నది అక్కడ, కథ అయిపోయాక, ఇంకొక ఆడమనిషి పక్కన కూర్చుని అడిగినప్పుడు.